ఆదివారం కూడా ఎవరి కంచం వాళ్లదే: ఒక కుటుంబ భోజనాల కేస్ స్టడీ

శరత్కాలం మొదలయ్యాక కౌన్సెలింగ్ కోసం నా దగ్గరికి వచ్చే కుటుంబాల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ఇంట్లో ఎవరూ కలిసి తినడం లేదు. సెలవులు అయిపోయి బడి ఊపందుకుంటుంది, ఆటల పోటీలు మొదలవుతాయి, ఆఫీసుల్లో అర్ధ సంవత్సరం లెక్కల ఒత్తిడి. టైమ్ లేదన్నది నిజమే కాబట్టి అందరూ ఆ మాట దగ్గరే ఆగిపోతారు. ఈ కుటుంబం విషయంలో టైమ్ సగం సంగతే. మిగతా సగం వాళ్లు రాసి తెచ్చిన కాగితంలోనే ఉంది. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

కుటుంబం అనుమతి తీసుకున్నాను. వయసులు, ఉద్యోగాలు, ఇంకొన్ని వివరాలు మార్చాను. కౌన్సెలింగ్‌లో కొత్తగా పనిచేస్తున్నవాళ్లకు ఉపయోగపడాలని ప్రతి నిర్ణయం వెనక ఉన్న ఆలోచన కాస్త విడమరిచి చెబుతున్నాను.

నేపథ్యం

ఇంట్లో ఐదుగురు. తండ్రి అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాడు. సెప్టెంబర్ నెలాఖరుకు లెక్కలు ముగించాలి, ఆ వెంటనే ఆడిట్ వాళ్ల ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. తల్లిది షిఫ్టుల ఉద్యోగం, రోస్టర్ మారుతూ ఉంటుంది. అమ్మాయికి పదిహేనేళ్లు, పరీక్షల సంవత్సరం. అబ్బాయికి తొమ్మిదేళ్లు, ఫుట్‌బాల్ ఆడతాడు. తండ్రి వైపు నాయనమ్మ వాళ్లతోనే ఉంటుంది. ఆవిడకు షుగర్, మాత్రలు వేళకు పడాలి.

వేసవిలో దాదాపు ప్రతి రాత్రీ కలిసే తినేవాళ్లమని ఐదుగురూ ఒప్పుకున్నారు. నా దగ్గరికి వచ్చేనాటికి పరిస్థితి ఇది: ఆరున్నరకు నాయనమ్మ ఒక్కతే తింటుంది. ఏడింటికి అబ్బాయి టీవీ ముందు. అమ్మాయి కంచం పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోతుంది. తల్లి స్టవ్ పక్కన నిలబడే తినేస్తుంది. తొమ్మిదిన్నరకు వచ్చిన తండ్రి ఫోన్ చూసుకుంటూ చల్లారిందేదో తింటాడు.

ఈ సీజన్‌లో భోజనాలు ఎందుకు చెదిరిపోతాయో ఒక్క మాట. సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమవుతాయి, అక్కడి నుంచి పొద్దు కురచబడుతూ పోతుంది. అబ్బాయి ఆడే గ్రౌండ్‌లో లైట్లు లేవు. దాంతో ప్రాక్టీస్ వేళ ముందుకు జరిగింది. పిల్లాడు ముందే ఇల్లు చేరుతున్నాడు, ముందే ఆకలంటున్నాడు. అదే నెలలో తండ్రి రాక ఆలస్యమైంది. ఒకరి ఆకలి అటు, ఇంకొకరి రాక ఇటు జరిగి, రెండింటి మధ్యా రెండున్నర గంటలు పడింది. దీనికి ఇంట్లో ఎవర్నీ తప్పుపట్టలేం. తల్లి మాత్రం ఇది తన చేతకానితనమే అనుకుంటోంది. అందుకే మొదటి రోజే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను.

వాళ్లు చెప్పిన సమస్య

తల్లి సూటిగా అడిగింది. "రోజూ రాత్రి అందరం కలిసి కూర్చుని తినేలా చెయ్యాలి. మాది ఇల్లులా లేదు, మెస్‌లా ఉంది."

తండ్రి సర్దిచెప్పబోయాడు. "ఇది సీజన్ మేడమ్. నవంబర్ దాటితే అన్నీ అవే సర్దుకుంటాయి."

"పోయినేడాదీ ఇదే మాటన్నారు" అంది ఆవిడ.

నాయనమ్మ అంతసేపూ వింటూ కూర్చుంది. చివర్లో, "వడ్డించే మనిషి కూర్చోదు. కూర్చునేవాళ్లు ఇంట్లో ఉండరు" అంది. నిజానికి కేసు మొత్తం ఆ రెండు వాక్యాల్లో ఉంది. కానీ నేను ముందు అమ్మాయి సంగతి చూడాల్సి వచ్చింది.

పదిహేనేళ్ల పిల్ల కంచం గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకుంటోందంటే, దాన్ని వెంటనే 'ఫ్యామిలీ టైమ్' సమస్యగా తీసుకోకూడదు. తిండికి సంబంధించిన జబ్బు మొదలవుతున్నా బయటికి కనిపించేది ఇదే. అందుకే అమ్మాయితో విడిగా మాట్లాడాను. ఈమధ్య బరువు తగ్గిందా, నెలసరి సక్రమంగా ఉందా, భోజనాలు మానేస్తోందా, తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్తోందా, ఫలానావి తినకూడదని తనకు తానే నియమాలు పెట్టుకుందా అని అడిగాను. నిద్ర, దిగులు, బతకాలని లేదనే ఆలోచనల గురించీ అడిగాను. ఇంట్లో తాగుడు, చెయ్యిచేసుకోవడం ఉన్నాయేమో పెద్దవాళ్లను విడివిడిగా అడిగాను. ఏదీ లేదు. వీటిలో ఒక్కటి అవునన్నా ఈ కేసు ఇంకో దారిలో వెళ్లేది, భోజనాల బల్ల ఊసు చాలాకాలం ఎత్తేదాన్ని కాదు.

అమ్మాయి చెప్పిన కారణం చాలా మామూలుది. "అక్కడ కూర్చుంటే క్లాసు పీకుతారు. గదిలో అయితే ప్రశాంతంగా తినొచ్చు."

వారం కాగితం

మొదటి వారానికి సలహాలేవీ ఇవ్వలేదు. ఒక కాగితం ఇచ్చి, రాత్రి భోజనం ఎవరు ఎన్నింటికి తిన్నారు, ఎక్కడ తిన్నారు, కూర్చునా నిలబడా, ఎవరు పిలిచారు, ఎన్నిసార్లు పిలిచారు అన్నవి రాయమన్నాను. ఎవరేం తిన్నారో వద్దన్నాను. తిండి గురించి రాయమంటే తల్లి అది తన వంటకు పరీక్ష అనుకుంటుంది.

కాగితం వచ్చింది. మొదట కళ్లు వెళ్లేది బిజీ రోజుల మీదకే. నేను చూసింది ఆదివారం. ఆ రోజు ఆఫీసు లేదు, ప్రాక్టీస్ లేదు, తల్లికి సెలవు, ఐదుగురూ సాయంత్రం నుంచి ఇంట్లోనే ఉన్నారు. అయినా ఐదుగురూ ఐదు చోట్ల తిన్నారు. రాయడానికి వీలుగా పెట్టిన 'ఎన్నిసార్లు పిలిచారు' గడిలో అమ్మాయి ఎదురుగా తల్లి 4 వేసింది.

ఖాళీ రోజున కూడా కలిసి తినడం లేదంటే కారణం టైమ్ ఒక్కటే అయ్యుండదు. ఇక్కణ్నుంచి నా ప్రశ్న మారింది. ఎప్పుడు కుదురుతుందని కాకుండా, ఆ బల్ల దగ్గర్నుంచి ఎవరు దేని వల్ల తప్పుకుంటున్నారని వెతకడం మొదలుపెట్టాను.

కాగితంలో ఇంకోటి కూడా ఉంది. వారం మొత్తం మీద తల్లి పేరు ఎదురుగా 'కూర్చుని' అన్న మాట ఒక్కసారీ లేదు. ఆ గడులు నింపింది ఆవిడే. చదివి వినిపించేదాకా ఆవిడకే అది తట్టలేదు.

అప్పటికే ఇంట్లో చేసి చూసినవి

నా దగ్గరికి రాకముందు వాళ్లు మూడు ప్రయత్నాలు చేశారు. ఏది ఎక్కడ తెగిందో తెలిస్తే అదే దారిలో మళ్లీ నడవక్కర్లేదు కాబట్టి ఈ సంగతి ఎప్పుడూ వివరంగా అడుగుతాను.

మొదటిది, రాత్రి ఎనిమిదిన్నరకు అందరూ తప్పనిసరిగా కూర్చోవాలన్న రూలు. ఏడింటికే చిరుతిండితో కడుపు నింపుకున్న అబ్బాయికి ఎనిమిదిన్నరకు ఆకలి లేదు, నిద్ర ముంచుకొస్తోంది. నాయనమ్మ మాత్ర వేసుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. షుగర్‌కి ఇచ్చే కొన్ని మాత్రలు వేసుకున్నాక తిండి ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఒక రాత్రి ఆవిడకు చెమటలు పట్టి చేతులు వణికాయి. రూలు ఆ రాత్రితోనే పోయింది, పోవాల్సిందే కూడా.

రెండోది ఫోన్ల బుట్ట. అందరూ ఫోన్లు బుట్టలో వేయాలి. తండ్రిది మాత్రం ఆఫీసు ఫోన్ కాబట్టి బల్ల మీదే ఉంటుంది. అమ్మాయి మాట్లాడకుండా తన ఫోన్ బుట్టలో వేసి, గబగబా తినేసి, ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది. రూలు అందరికీ ఒకటి కాదని పిల్లలు ఎంత తొందరగా పసిగడతారో చెప్పడానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

మూడోది ఎక్కడో చూసి ప్రింట్ తీసిన ప్రశ్నల కార్డులు: ఈ రోజు నీకు నచ్చిన విషయం ఏంటి, ఎవరికి సాయం చేశావు, ఇలాంటివి. అబ్బాయికి సరదాగానే ఉంది. అమ్మాయికి అది ఇంకో ఇంటర్వ్యూ. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ కార్డులు పనిచేయడం చూశాను. టీనేజ్ పిల్లల దగ్గర, అదీ పెద్దవాళ్లతో మాట పలచబడిన పిల్లల దగ్గర, నేను వాటి జోలికి వెళ్లను.

నా గదిలో ఒక భోజనం

వివరాలు నోటితో చెబితే ఎవరి కథ వాళ్లదిగా ఉంటుంది. అందుకని తర్వాతి సెషన్‌కు సాయంత్రం డబ్బాలు సర్దుకుని రమ్మన్నాను. ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. కుటుంబ చికిత్సలో పేరున్న సాల్వడార్ మినూచిన్ 1970లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అనొరెక్సియా (బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు) ఉన్న పిల్లల కుటుంబాలతో కలిసి భోంచేస్తూ సెషన్లు నడిపేవాడు. మా కేసు అంత తీవ్రమైంది కాకపోయినా, బల్ల దగ్గర జరిగేది బల్ల దగ్గరే చూడాలన్న సూత్రం ఒకటే.

డబ్బాల మూతలు తెరుచుకున్నాయి. అమ్మాయి రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా తండ్రి అడిగాడు: "మ్యాథ్స్ పేపర్లు ఇచ్చారా?"

"ఇచ్చారు."

"ఎంత?"

అమ్మాయి అంకె చెప్పింది. తండ్రి ఏమీ అనలేదు, తలూపాడు. ఆ తలూపడాన్ని అమ్మాయి ఎలా తీసుకుందో నాకు ఎదురుగానే కనిపించింది. నములుతున్న నోరు ఒక్క క్షణం ఆగింది, డబ్బా కాస్త తన వైపు లాక్కుంది, కుర్చీ అంగుళం వెనక్కి జరిగింది. ఈలోగా తల్లి అబ్బాయిని బూట్లు ఎక్కడ విడిచావని అడిగింది, నాయనమ్మ ఇంకో ముద్ద తినరా అని బతిమాలింది, తల్లి మధ్యలో లేచి సంచిలోంచి నీళ్ల సీసా తెచ్చింది. ఆవిడ చేతి పక్కనే నిండు సీసా ఉంది. కాసేపటికి మళ్లీ లేచి ఖాళీ మూతలు సర్దింది. సర్దడానికి అక్కడ ఇంకేం లేదు.

బయటికి వచ్చిన మాటలన్నీ వరసగా రాసుకున్నాను. మార్కులు, బూట్లు, రేపటి ఫీజు, ప్రాక్టీస్ కిట్, ఎక్కువ తినమనడం, తక్కువ తినమనడం. రోజు మొత్తంలో ఐదుగురూ ఎదురుపడేది ఆ ఒక్క చోటే కాబట్టి ఇంట్లో తేలాల్సిన ప్రతి పనీ అక్కడికే చేరుతోంది. బిజీ సీజన్‌లో పనులు పెరిగాయి, కలిసే సమయం తగ్గింది, దాంతో ఆ కాస్త సమయం మీద బరువు రెట్టింపైంది. అమ్మాయి తప్పించుకుంటున్నది కుటుంబాన్ని కాదు, ఆ తనిఖీని.

ఇక్కడ తండ్రి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆయన కఠినుడు కాడు. ఉదయం ఆయన లేచేసరికి అమ్మాయి బస్సెక్కేస్తుంది, రాత్రి వచ్చేసరికి గది తలుపు వేసి ఉంటుంది. ఎదురుపడ్డ పది నిమిషాల్లో కూతురి చదువు గురించి తెలుసుకోవాలనుకోవడం ప్రేమే. ఆయన్ను 'అడగొద్దు' అని ఆపేస్తే సరిపోదు, ఎప్పుడు అడగొచ్చో కూడా చూపించాలి.

మొదటి ప్లాన్, బుధవారం పాట్లు

తల్లి రోజూ అంది. నేను వారానికి రెండన్నాను, బుధవారం, ఆదివారం. తండ్రికి అంకెలంటే నమ్మకం, కాబట్టి ఆయన అడిగాడు: "అసలు ఎన్నిసార్లు కలిసి తింటే లాభమని ఏదైనా లెక్కుందా?"

ఉంది. హామన్స్, ఫీజీ అనే పరిశోధకులు 2011లో పీడియాట్రిక్స్ పత్రికలో 17 అధ్యయనాలను కలిపి, 1,82,000 మందికి పైగా పిల్లల వివరాలతో విశ్లేషించారు. వారానికి మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు కుటుంబంతో కలిసి తినే పిల్లల్లో అధిక బరువు, అస్తవ్యస్తమైన తిండి అలవాట్లు కొంత తక్కువగా కనిపించాయి. ఆయన వెంటనే మూడు అని రాసుకోబోతే ఆపాను. ఇది సంబంధం చెప్పే లెక్క, కారణం తేల్చే లెక్క కాదు. సాఫీగా ఉన్న ఇళ్లలో కలిసి తినడమూ ఎక్కువ ఉంటుంది, పిల్లలూ బాగుంటారు. మ్యూజిక్, మేయర్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో చేసిన విశ్లేషణలో కుటుంబ సంబంధాల తీరును లెక్కలోకి తీసుకోగానే భోజనాల ప్రభావం తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. వాళ్లే 2014లో ప్రచురించిన ఇంకో విశ్లేషణలో తల్లిదండ్రులతో సంబంధం బాగున్న పిల్లలకే భోజనాల వల్ల మేలు ఎక్కువ కనిపించింది. బల్ల దగ్గర తనిఖీ జరుగుతున్నంతకాలం రెండును ఏడు చేస్తే తనిఖీలే ఏడవుతాయి. ఆయనకు ఈ వాదన వెంటనే ఎక్కింది.

ఆదివారం బాగానే నడిచింది. బుధవారం నడవలేదు. ఏడూ నలభైకి అనుకున్నాం. తండ్రి బయల్దేరానన్నాడు, ఇంకో మెయిల్ పంపి వస్తానన్నాడు, ట్రాఫిక్ అన్నాడు. అందరూ ఎదురుచూశారు. ఆయన తలుపు తీసేసరికి అబ్బాయి సోఫాలో నిద్రపోతున్నాడు, తల్లి మొహం గంటుపెట్టుకుని ఉంది, "నేను ముందే చెప్పాను" అన్నట్టు అమ్మాయి చూసింది. తర్వాతి బుధవారం కూడా అదే తంతు.

రోజు మార్చమని తండ్రి అడిగాడు. గురువారమైనా ఇలాగే అవుతుందని నాకు అనిపించింది. 'అందరూ వచ్చాకే మొదలు' అన్న షరతు పెడితే భోజనం వేళ నిర్ణయించేది అందరికంటే ఆలస్యంగా వచ్చే మనిషి. వంట చేసిన మనిషి, ఆకలేస్తున్న పిల్లాడు, మాత్ర వేసుకున్న ముసలావిడ ఆ ఒక్కరి మెయిల్ మీద ఆధారపడతారు. ఆలస్యమైన మనిషి నేరస్థుడిలా లోపలికి అడుగుపెడతాడు. అలా మొదలైన భోజనంలో కబుర్లు రావు.

మార్చినవి

రోజు మార్చకుండా షరతు మార్చాం. ఏడూ నలభైకి ఇద్దరు కూర్చుంటే చాలు, భోజనం మొదలైనట్టే. మిగతావాళ్లు ఎప్పుడొచ్చినా వాళ్ల కుర్చీ వాళ్లకు ఉంటుంది, 'ఇప్పుడా రావడం' అన్న మాట ఎవరూ అనరు. ఎనిమిదికి అయిపోతుంది. ఇరవై నిమిషాలంటే తక్కువని తల్లి బాధపడింది. కుటుంబ భోజనాలను వీడియో తీసి గమనించిన పరిశోధనల్లో అవి సాగేది సుమారు అంతసేపే. ఎనిమిదికి ముగించడానికి ఇంకో కారణం అబ్బాయి నిద్ర. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన సిఫారసు ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఉదయం ఆరింటికి లేవాల్సిన పిల్లాణ్ని కుటుంబ ఐక్యత పేరుతో తొమ్మిదిన్నర దాకా మేలుకోబెట్టడం సబబు కాదు.

తర్వాత ఆకలినీ బల్లనూ విడదీశాం. అబ్బాయి గ్రౌండ్ నుంచి రాగానే చిరుతిండికి బదులు రాత్రి భోజనంలోదే సగం తినేస్తాడు. నాయనమ్మ తన మాత్ర వేళకు తన భోజనం చేస్తుంది. ఏడూ నలభైకి అబ్బాయి మిగతా సగంతో, నాయనమ్మ ఒక గ్లాసు ఏదో తాగుతూ కూర్చుంటారు. "తినకుండా కూర్చుంటే అది కలిసి తినడం ఎలా అవుతుంది?" అని తల్లి గట్టిగానే అడిగింది. ఆవిడ మనసులో ఉన్న బొమ్మ వేసవిది: అందరి ముందూ ఒకేసారి నిండిన కంచాలు. ఆ బొమ్మ వదులుకోవడం ఆవిడకు కష్టమైంది, దానికి ఒక సెషన్ దాదాపుగా పట్టింది. మంచి సీజన్‌లో కుదిరిన పద్ధతిని కష్టకాలానికి కొలబద్దగా పెట్టుకున్న ఇళ్లలో ఈ నిరాశ తప్పకుండా ఉంటుంది.

మార్కుల విషయం. బల్ల దగ్గర చదువు, ఫీజులు, సామాన్లు, రేపటి పనులు మాట్లాడకూడదు. పనుల కోసం ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించారు, ఆదివారం మధ్యాహ్నం పావుగంట దాని ముందు నిలబడి తేల్చుకుంటారు. చదువు గురించి తండ్రి ఎక్కడ అడగాలన్న ప్రశ్నకు జవాబు అమ్మాయే చెప్పింది. శనివారం ఉదయం ఆమెను కోచింగ్‌కు దింపేది ఆయనే. "కార్లో అడగండి నాన్నా. అక్కడైతే మీరు రోడ్డు చూస్తుంటారు." పక్కపక్కన కూర్చుని, కళ్లలోకి చూడాల్సిన అవసరం లేని చోట టీనేజ్ పిల్లలు సులువుగా మాట్లాడతారని నాలాంటివాళ్లం చెబుతుంటాం. ఈ పిల్ల ఎవరూ చెప్పకుండానే చెప్పింది.

తినమని బతిమాలడం ఆపడానికి పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పని విభజన పనికొచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల బాధ్యత. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల ఇష్టం. నాయనమ్మకు ఇది రుచించలేదు. "పెట్టిన చెయ్యి అడగకుండా ఎలా ఉంటుందమ్మా?" అంది. ఒకసారి అడగొచ్చు, రెండోసారి వద్దు అన్న రాజీకి వచ్చాం. ఆవిడ అప్పుడప్పుడూ రెండోసారీ అడిగేది. దాన్ని ఎవరూ పెద్దది చేయలేదు.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది తల్లి కూర్చోవడం. లేవొద్దని చెబితే కుదరలేదు. లేవకపోతే పని ఆగిపోతుందన్నది ఆవిడకు అనుభవంతో వచ్చిన నమ్మకం. అందుకే ముందు ఆ పని ఏమిటో రాయించాను. వంట ఒక్కటే అనుకున్న తండ్రి ముందు ఆవిడ జాబితా చదివింది: ఏం వండాలో పొద్దున్నే ఆలోచించడం, ఉన్నాయో లేవో చూసుకోవడం, లేనివి తెప్పించడం, ఎవరు ఎప్పుడొస్తారో గుర్తుపెట్టుకోవడం, నాయనమ్మకు ఉప్పు తగ్గించి విడిగా తీయడం, పిలవడం, మళ్లీ పిలవడం, మిగిలింది సర్దడం, రేపటికి నానబెట్టడం. చదువుతుంటే ఆవిడ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. తండ్రి చాలాసేపు కాగితం చేతిలో పట్టుకుని, "ఇందులో ఆలోచించడాలే ఎక్కువున్నాయి" అన్నాడు.

ఆదివారం భోజనం మొత్తం, అంటే ఆ ఆలోచనతో సహా, ఆయనకు వెళ్లింది. 'సాయం చేస్తాను' అన్న మాటను నేను ఒప్పుకోలేదు. ఏం చెయ్యాలో ఆవిడ చెబుతుంటే ఆయన చేస్తే, తగ్గాల్సిన భారం అలాగే ఉంటుంది. బుధవారం ఏం వండాలో అమ్మాయి నిర్ణయిస్తుంది. బల్ల మీదకు అన్నీ ముందే వస్తాయి. మధ్యలో ఏదైనా కావాలంటే లేచే హక్కు అబ్బాయి ఒక్కడిదే. వాడు దీన్ని పదవిలా తీసుకున్నాడు. తల్లి లేవబోతే "అమ్మా, కూర్చో, అది నా పని" అని అడ్డం పడేవాడు. పెద్దవాళ్ల మాటకు కూర్చోని మనిషి తొమ్మిదేళ్ల పిల్లాడి పదవికి గౌరవమిచ్చి కూర్చుంది.

పిలిచే పనీ వాడికే ఇచ్చాం. ప్రతి గది తలుపు దగ్గరా ఒక్కసారే పిలవాలి. నాలుగుసార్లు పిలిచే ఇంట్లో మొదటి మూడు పిలుపులకూ విలువ ఉండదు. నాయనమ్మ తానే పిలుస్తానంది గానీ, ఆవిడ పిలుపులో 'నన్ను పట్టించుకునేవాళ్లెవరు' అన్న దెప్పు కలిసిపోతుందని అమ్మాయి మెల్లగా చెప్పింది. నాయనమ్మ నొచ్చుకుంది. తర్వాత ఒప్పుకుంది.

ఫోన్ల గురించి కొత్త రూలేమీ పెట్టలేదు. తండ్రి తనంతట తానే తన ఫోన్ వంటింట్లో పెట్టి రావడం మొదలుపెట్టాడు. అమ్మాయి రెండు వారాలు గమనించి, తర్వాత తనదీ పక్కన పెట్టింది.

మాటలు ఎలా వచ్చాయి

నిషేధించిన విషయాలన్నీ తీసేశాక మొదటి బుధవారాలు బోసిగా ఉన్నాయి. మాట్లాడుకోవడానికి ఏమీ లేదని తండ్రి ఫోన్ చేసి చెప్పాడు. కొన్నాళ్లు అలాగే ఉండనివ్వమన్నాను. తనిఖీ ఆగిందని అమ్మాయి నమ్మడానికి ఆ మౌనం అవసరం. దాన్ని నింపాలని తొందరపడితే మళ్లీ కార్డులే గతి.

ఒక దారి మాత్రం సూచించాను. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ కలిసి 20 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. అమ్మానాన్నలు ఎక్కడ కలుసుకున్నారో, పెద్దవాళ్లు ఏ బడిలో చదివారో పిల్లలకు తెలుసా అన్న తరహా ప్రశ్నలవి. కుటుంబ కథలు ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం మెరుగ్గా ఉన్నట్టు వాళ్లు గమనించారు. ఇదీ సంబంధం చెప్పే లెక్కే. నేను పట్టిక ఇవ్వలేదు. పిల్లలు పెద్దవాళ్లను అడగొచ్చు, పెద్దవాళ్లు పిల్లలను అడగకూడదు అన్నాను. ప్రశ్నలు అడిగే అధికారం చేతులు మారితే చాలనుకున్నాను.

మొదట అడిగింది అబ్బాయి, ఏదో దెబ్బ మచ్చ గురించి. తర్వాత ఓ ఆదివారం అమ్మాయి తండ్రి వైపు చూడకుండా, "నాయనమ్మా, నాన్నకు నా వయసులో లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చేవి?" అంది. నాయనమ్మ దాచుకోలేదు. ప్రోగ్రెస్ కార్డు మీద తాతగారి సంతకం కొడుకే పెట్టేసి దొరికిపోయిన సంగతి కూడా చెప్పేసింది. ఇప్పుడు అకౌంట్స్ చూసే మనిషి అది! ఆ రోజు ఎనిమిది దాటినా ఎవరూ లేవలేదట. తండ్రి నాకు ఇదంతా ఫిర్యాదులా చెప్పాడు, నవ్వు ఆపుకుంటూనే.

మళ్లీ జారిన వారాలు

అక్టోబర్‌లో టోర్నమెంట్, ఆడిట్ ఒకే వారంలో పడ్డాయి, తల్లికి రాత్రి షిఫ్ట్. ఆ వారం ఒక్క భోజనమూ జరగలేదు. తల్లి నిరాశగా ఫోన్ చేసింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం సంగతి చెప్పాను. ఒక అలవాటు తనంతట తానే జరిగేదాకా రావడానికి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చు, మధ్యస్థంగా 66 రోజులు. ఒకసారి తప్పిపోయినంత మాత్రాన అలవాటు కుదరడానికి పెద్దగా నష్టమేమీ కనిపించలేదు. తప్పిన వారానికి పరిహారంగా వచ్చే వారం నాలుగు రోజులు పెట్టుకుంటామన్న ఆవిడ ఆలోచనను మాత్రం వద్దన్నాను. బాకీ తీర్చే భోజనాలు మళ్లీ రూలు వాసన కొడతాయి. రాత్రి షిఫ్ట్ వారాల్లో శనివారం ఉదయం టిఫిన్ కలిసి తినాలని అనుకున్నారు. రాత్రిదే లెక్కలోకి వస్తుందని ఎవరూ అనలేదు కదా.

తండ్రి ఒకటి రెండుసార్లు బల్ల దగ్గరే టెస్టుల సంగతి ఎత్తాడు. అమ్మాయి తల ఎత్తకుండా "కారు" అంది. ఆయన ఆగిపోయాడు. గొడవగా మారాల్సింది ఒక్క మాటతో తేలిపోయింది. ఇలాంటి పొట్టి సంకేతం ముందే అనుకుని ఉంచమని ఇప్పుడు వేరే కుటుంబాలకూ చెబుతున్నాను.

నవంబర్ చివరికి ఆదివారం ఖాయమైంది, బుధవారం ఎక్కువసార్లు జరిగేది, మూడోది అప్పుడప్పుడు. మిగతా రోజుల్లో అమ్మాయి కంచం గదిలోకే వెళ్తుంది. తల్లికి ఇది ఇంకా గుచ్చుకుంటుంది. నాకు అందులో అభ్యంతరం కనిపించలేదు. పదిహేనేళ్ల పిల్లకు తలుపేసుకునే కొన్ని గంటలు కావాలి. కలిసి కూర్చునే రోజులకు తనంతట తాను వస్తున్నంతవరకు దాన్ని సమస్యగా చూడను.

సీజన్ అయిపోయి తండ్రి ఆరున్నరకే ఇంటికి చేరుతున్న రోజుల్లో, ఇక రోజూ కలిసే తిందామని ఉత్సాహపడ్డారు. కొద్దిరోజుల్లోనే మార్కులు, ఫీజులు మళ్లీ బల్ల ఎక్కాయి. ఈసారి వెనక్కి తగ్గుదామన్నది తండ్రే. బుధ, ఆదివారాలు రూల్స్‌తో, మిగతా రోజులు ఎవరిష్టం వాళ్లదిగా నడుస్తున్నాయి.

నా పనిలో మారినవి

బిజీ సీజన్ కుటుంబాలను ఇప్పుడు మొదట వాళ్ల ఖాళీ రోజు గురించి అడుగుతున్నాను. ఖాళీ రోజున కలిసి తింటూ బిజీ రోజుల్లో విడిపోతే, అది టైమ్ సర్దుబాటు. ఒకటి రెండు సెషన్లు చాలు, ఒక్కోసారి అవీ అక్కర్లేదు. ఖాళీ రోజునా విడివిడిగానే తింటుంటే, క్యాలెండర్ పక్కన పెట్టి బల్ల దగ్గర ఏం జరుగుతోందో చూడాలి. ఎన్నిసార్లు కలిసి తిన్నారన్న లెక్క రాయించడం దాదాపు మానేశాను. 'కూర్చునా, నిలబడా' అన్న గడి మాత్రం ఉంచాను. చాలా ఇళ్లలో అందరికంటే ఎక్కువ చెప్పేది అదే.

ఈ పద్ధతి పనికిరాని చోట్లూ ఉన్నాయి. బల్ల దగ్గర అరుపులు, అవమానాలు, కొట్టడం ఉన్న ఇంట్లో పిల్లలను అక్కడికి చేర్చడం అంటే వాళ్లను ప్రమాదంలోకి తోయడమే, ముందు భద్రత సంగతి చూడాలి. తిండి జబ్బు ఉందని తేలితే వైద్యులతో కలిసి కుటుంబం మొత్తానికి చికిత్స నడుస్తుంది. అక్కడ ఎంత తినాలో పిల్లలకే వదిలేయమన్న శాటర్ మాట వర్తించదు, మొదట్లో ఆ నిర్ణయం పెద్దవాళ్లే తీసుకోవాల్సి వస్తుంది. పెద్దవాళ్లిద్దరికీ ఏడాది పొడవునా ఒకరికొకరు ఎదురుపడని షిఫ్టులైతే, రాత్రి భోజనం వదిలేసి ఇద్దరూ ఇంట్లో ఉండే ఇంకో పూటను వెతకడం మేలు.